నంబరున్న మాను మీద తపస్సు

భూగోళం వేడెక్కకుండా ఆపినవాళ్లలో నేనూ ఒకణ్ణి. వినయం కొద్దీ 'ఒకణ్ణి' అంటున్నాను గానీ, మా మండలం వరకు ఆ పనంతా నా చేతుల మీదుగానే జరిగింది. కావాలంటే పథకం మొదలైన నాటి ఫోటో చూడండి. తలపాగా చుట్టుకొని, పార పట్టుకొని, మొక్క పక్కన ఠీవిగా నిలబడి ఉంటాను. మొక్క నాటింది మాత్రం నేను కాదు. గుంత తవ్వినవాళ్లు వేరు, మొక్క పెట్టినవాళ్లు వేరు, నీళ్లు మోసినవాళ్లు ఫోటోలోకే రాలేదు. పార మాత్రం మా ఇంటిదే. ఆ సంగతి ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

మాది చిత్తూరుకు దక్షిణాన, ఇంకాస్త ముందుకు పోతే అంగళ్ల బోర్డులు అరవంలోకి మారిపోయే చోట ఒక పల్లె. ఎటు చూసినా మామిడి తోపులే. మామిడి లేని జాగా ఏదన్నా ఉందంటే అది ఊరుమ్మడి గుట్ట, దాని కింద పారే వంక, వంక గట్టున వరసగా తాటిమాన్లు. ఎవరికీ పనికిరాని జాగా అని అందరం అనుకునేవాళ్లం కాబట్టి అందరికీ పనికొచ్చేది. గొర్రెలు మేసేవి, పిల్లకాయలు ముంజలు కోసేవాళ్లు, పెద్దవాళ్లం పేకాడేవాళ్లం.

అలాంటి గుట్ట మీద ప్రభుత్వం కన్ను పడింది. తిరుపతి నుంచి ఆఫీసర్లు వచ్చి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేయించారు. కళ్లద్దాల ఆఫీసరొకాయన మైకు అందుకొని, గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువైపోయిందనీ, దాన్ని చెట్లు పీల్చుకుంటాయనీ, గుట్టను మేము నరక్కుండా, తగలబెట్టకుండా, మేపకుండా కాపాడితే దానికి ప్రభుత్వం విడతలవారీగా నిధులిస్తుందనీ చెప్పాడు. ఆయన్ని మేము తర్వాత చిన్నాఫీసరు అని పిలుచుకున్నాం, ఆయన పైన ఇంకొక పెద్దాఫీసరమ్మ ఉంది కాబట్టి.

"ఇన్నాళ్లూ ఎవురూ కాపాడకుండానే పచ్చంగ ఉండె గదా సార్," అన్నాడు వెనకనుంచి ఒకడు. "ఇప్పుడు కాపాడితే ఏమైపోతుందో ఏమో!"

"పొద్దున్నే శ్రీ సిటీ ఫ్యాక్టరీలకు పొయ్యే పిల్లకాయల బస్సు వీధంతా పొగబెట్టి పోతాది సార్," అన్నాడు ఇంకొకడు. "ఆ పొగ గూడా మా గుట్టే మింగల్నా, లేకపోతే దానికి వేరే గుట్ట ఉండాదా?"

అప్పుడు నేను లేచి గడగడా ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగాను. ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిజానికి ఆ ప్రశ్న తెలుగులోనే అడిగాను. భోజనాలు సభ ముందా, సభ తర్వాతా అని.

మరుసటి వారం మాన్లకు నంబర్లు వేయడం మొదలైంది. ప్రతి మానుకూ ఒక రేకుబిళ్ల, దానిమీద నంబరు, మేకుతో టకటకమని కొట్టి, ఫోను ఎత్తిపట్టి ఒక ఫోటో. కొత్త మొక్కలకు కొట్టారంటే సరే, మా తాతల కాలం నుంచి ఉన్న తాటిమాన్లకు కూడా కొట్టారు.

"ఇవి మీ పథకం రాకముందునుంచే ఉండాయి గదా సార్?" అని అడిగాను.

"ఉన్నవి ఉన్నట్టే ఉండడం కూడా పథకంలో భాగమేనండీ," అన్నాడు చిన్నాఫీసరు.

ఆ మాట నాకు భలే నచ్చింది. నేను కూడా చాలా ఏళ్లుగా ఉన్నది ఉన్నట్టే ఉన్నాను. నాకు మాత్రం ఎవరూ బిళ్ల కొట్టలేదు, విడతలూ ఇవ్వలేదు.

గుట్ట మొదట్లో ఒక బోర్డు పెట్టారు. ముఖ్యమైనవాళ్ల బొమ్మలన్నీ దాని మీద ఉన్నాయి. ఆ ఎండాకాలం కొత్త మొక్కలకు నీడనిచ్చింది ఆ బోర్డే. బోర్డు నీడ పడినంత మేర మొక్కలు బతికాయి.

గుట్ట చుట్టూ కంచె పడేసరికి ముందుగా దెబ్బ తగిలింది మా మరదలికి. మా ఇంటావిడ చెల్లెలు. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఆ గుట్టమీద గొర్రెలు మేపుకొనే బతికింది, కూతురికి పెళ్లి చేసింది. ఇక మేపే జాగా లేదని తెలిసి గొర్రెలన్నింటినీ అమ్మేసింది. దానికి బదులుగా ఊరి పెద్దలందరూ అడగ్గా, పథకం కింద ఆమెకు గుట్ట కాపలా ఉద్యోగం ఇచ్చారు. నెలనెలా జీతం. ఆ ఉద్యోగం పోతే మళ్లీ గొర్రెలు కొనుక్కుందామన్నా మేపడానికి గుట్ట లేదు. నంబరున్న మాను ఒక్కటి పడిపోయినా కాపలా మనిషిని తీసేస్తామని ముందే చెప్పి ఉన్నారు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అందరికంటే బాగా ఆమెకు తెలుసు.

ఉద్యోగంతో పాటు నారింజరంగు కోటు ఒకటి, విజిలు ఒకటి ఇచ్చారు. కర్ర ఆమెకు సొంతమే ఉంది. గొర్రెల్ని అదిలించిన కేకలతోనే మనుషుల్ని అదిలించడం మొదలుపెట్టింది. పేకాటకు పోయిన మమ్మల్ని "హేయ్, త్రో, త్రో" అని గుట్ట దిగేదాకా తోలింది. నేనొక్కణ్ణే ఎదురు తిరిగి నిలబడ్డాను. అంటే, చెప్పు తెగి నిలబడ్డాను.

ఇక మా ఊరి భారతం సంగతి చెప్పాలి. మా వైపు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు ఎండాకాలం భారతం జరుపుతారు. మధ్యాహ్నం కథ చదువుతారు, రాత్రి నాటకం ఆడతారు, చివర దుర్యోధనుణ్ణి పడగొట్టి, సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు. వీటన్నిటి మధ్యలో వచ్చేది అర్జున తపస్సు. ఏటా వంక గట్టున ఒక పొడవాటి తాటిమాను నరికి, గుడి ముందు పాతి, మెట్లు కొడతాం. అర్జునుడి వేషగాడు ఒక్కో మెట్టుకు ఒక్కో పద్యం పాడుతూ ఎక్కి, కొస మీద కూర్చొని ఈశ్వరుడి కోసం తపస్సు చేస్తాడు. కింద ఆడవాళ్లు తడిబట్టలతో కొంగు పట్టుకొని కూర్చుంటారు. పైనుంచి ఆయన వేసే నిమ్మకాయ ఎవరి కొంగులో పడితే వాళ్లింట్లో ఉయ్యాల ఊగుతుందని నమ్మకం. చివరినాడు ఆ మాను గుండంలోకి పోతుంది. మరుసటేడు మళ్లీ కొత్త మాను.

ఈ భారతానికి నేనే ధర్మకర్తను. అంటే ధర్మకర్త వేరే ఆయన ఉన్నాడు, నేను మైకులో ఆయన మాటలు చెబుతాను. పడుచుతనంలో అర్జున తపస్సులో నా వేషం చూడడానికి తమిళనాడు నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవాళ్లు. ఏ వేషం అని అడక్కుండా ఉంటే బాగుండేది. అర్జునుడి మీదికి ఉరికే అడవిపంది వేషం. పందికి పద్యాలు లేవు. అయినా నేను ఉరికిన తీరు చూసి పసిబిడ్డలు దడుచుకునేవాళ్లు.

ఆ ఏడు భారతానికి మాను లేదు. గట్టున ఉన్న ప్రతిదానికీ బిళ్ల ఉంది. సొంత పొలాల్లో మామిడి తప్ప తాడి లేదు. పక్క ఊరిని అడిగితే వాళ్ల గుట్టకూ పథకం వచ్చిందట, మమ్మల్నే ఒకటి ఇమ్మన్నారు. పెద్దలందరూ కలిసి నన్ను మరదలి దగ్గరికి పంపించారు. బావ మాట కాదనదని వాళ్ల నమ్మకం. ఆమె సంగతి వాళ్లకు తెలుసో లేదో గానీ నాకు తెలుసు.

గుట్ట కింద రాతిమీద కూర్చొని ఉంది, కోటు గుండీలన్నీ పెట్టుకొని, ఆ ఎండలో.

"ఏం బావా, గొడ్డలి యాడ దాచిపెట్టొచ్చినావు?"

"మాట్లాడదామని వచ్చినాను మే. ఊరికే."

"మాట్లాడు. మాటకైతే నంబరు ల్యా."

"ఒగ్గ మాను. ఇన్ని మాన్లలో ఒగటి తగ్గితే ఎవురికి తెలుస్తాది?"

"పైనుంచి సూస్తాండారంట."

"ఎవురు, దేవుడా?"

"దేవుడైతే బతిమాలుకుంటే వింటాడు. ఇది కంప్యూటరంట."

"నీ కడుపు పండింది గూడా ఆ తపస్సు మాను కిందే గదమ్మే. మర్చిపోతివా?"

"మర్చిపోలేదు. నిమ్మకాయ పడింది, కూతురు పుట్టింది, నగరిలో మగ్గాల కాడ కాపురం చేసుకుంటాండాది. దేవుడు ఇయ్యాల్సింది ఇచ్చేసినాడు. ఇప్పుడు నాకు కూడు పెట్టేది ఈ రేకుబిళ్లలు. మాను మీద గొడ్డలి పడిందా, ముందు నా మెడమీద పడ్నట్టే. అంతే బావా."

నేను దిగులుగా వెనుదిరిగాను. అప్పుడు నా బుర్రలో మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. నరికితే కదా తప్పు? నిలబడి ఉన్న మాను మీదికే అర్జునుణ్ణి ఎక్కిస్తే? వాహ్, అనుకున్నాను. ఊళ్లోకి వెళ్లి ఈ మాటే చెప్పాను. ఇప్పటికీ ఊళ్లో అది నా ఆలోచనే అనుకుంటున్నారు. దాచడం దేనికి, నేను కంచె దాటుతుండగా వెనకనుంచి ఆమే అన్నది: "నరికితే గదా బావా నేను అడ్డమొచ్చేది. ఎక్కితే నాకేం? కల్లు గీసేవాళ్లు ఎక్కడం ల్యా?" నేను దానికి కొంచెం పౌరాణికం పూసి పెద్దల ముందు పెట్టాను, అంతే.

పెద్దల్లో అందరికంటే పెద్దాయన ఒప్పుకోలేదు.

"పచ్చిమాను మీద తపస్సేందిరా? యాడన్నా ఇన్నామా? సరే, చేసినాడనుకో. చివర్న గుండంలోకి ఏమేస్తావు, నీ తలకాయా?"

"అర్జునుడు హిమాలయాల్లో తపస్సు చేసినప్పుడు ఆడ మాను నరికి పాతినారా పెద్దాయనా?" అన్నాను. "ఆ మాను కిందపడిన ఎండుమట్టలు ఉండాయి గదా, అవి గుండంలో వేద్దాం. నంబరు మానుకే గానీ మట్టలకు లేదు."

నా వాదనకు సభ మొత్తం మూగబోయింది. సరిగ్గా అప్పుడే బోండాలు వచ్చాయన్నది కూడా నిజమే. తిన్న తర్వాత మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మరదలు షరతులు పెట్టింది. మేకు కొట్టకూడదు. ప్రభుత్వం కొట్టిన మేకు ఒక్కటే మానుకు నొప్పి పెట్టదు, మిగతావన్నీ పెడతాయి. మెట్లు కావాలంటే వెదురు బద్దలు తాళ్లతో కట్టుకోవాలి. బిళ్ల మీద పసుపు పడకూడదు. ఎక్కేవాడు ఒక్కడే ఎక్కాలి, ఈశ్వరుడు కింద నిలబడే వరమివ్వాలి. అన్నిటికీ ఒప్పుకున్నాం.

అర్జునుడి వేషగాడు నగరి మనిషి. ఏడాదంతా మరమగ్గం నడుపుతాడు, ఎండాకాలం పల్లెపల్లెకూ తిరిగి తపస్సు చేస్తాడు. తెలుగు పద్యాన్ని అరవం రాగంలో పాడతాడు. కిరీటం, గడ్డం, కాషాయం అన్నీ కట్టుకొని వచ్చి మాను మొదట్లో నిలబడి తల వెనక్కి వాల్చి చూశాడు. ఏటా పాతే మాను సగం భూమిలోకే పోతుంది. ఇది వేళ్ల మీద నిలబడ్డ మాను, మొత్తం పైకే ఉంది.

"ఏంది సామీ ఇది," అన్నాడు నాతో. "అర్జునుడు ఎక్కే మానా, ఆంజనేయుడు ఎక్కే మానా?"

"కాలం మారింది నాయనా. ప్రభుత్వం మాను. నిదానంగా ఎక్కు."

ఎక్కాడు. పాపం, ఒక్కో మెట్టుకు ఒక పద్యం బదులు రెండు పాడాడు, మధ్యలో ఊపిరి తీసుకోవాలి కదా. చివరికి మట్టల మధ్య కూర్చొని చేతులెత్తాడు. కింద ఆడవాళ్లందరూ ఒక్కసారి గోవిందా అన్నారు. మరదలు కోటు వేసుకొని, కర్ర పట్టుకొని, మానుకు కాస్త దూరంలో నిలబడి ఉంది. ఆ ఏడు తపస్సుకు వచ్చినంతమంది జనం ఎప్పుడూ రాలేదు. తిరుచానూరు బ్రహ్మోత్సవమంత జనం. సరే, మా ఊరూ పక్క ఊరూ.

అప్పుడు వచ్చాడు చిన్నాఫీసరు, మోటారుసైకిలు మీద చెమటలు కక్కుతూ. రెండో విడత రావాలంటే నంబరున్న ప్రతి మానునూ మళ్లీ ఫోటో తీసి పంపాలి, దానికి ఆరోజే గడువు. అన్నీ తీసేశాడు, ఇదొక్కటే మిగిలింది.

"ఆయన్ని ఒక్క నిమిషం దిగమనండి, తీసుకొని వెళ్లిపోతాను."

"తపస్సు నడిమధ్యలో దిగకూడదు సార్," అన్నాను మైకు పక్కకు పెట్టి. "ఈశ్వరుడొచ్చి అస్త్రం ఇయ్యాల."

"ఈశ్వరుడు ఎప్పుడొస్తాడు?"

"టీ తాగను పొయ్యినాడు సార్. వచ్చేస్తాడు."

చిన్నాఫీసరు పైకి చూసి చేతులు ఊపాడు. పైనుంచి గొంతు వినిపించింది. "ఎవురక్కడ? రంభ వచ్చినా దిగలేదు, ఊర్వశి వచ్చినా దిగలేదు, ఫోనొచ్చిందని దిగుతానా?" అని ఒక నిమ్మకాయ విసిరాడు. అది సూటిగా వచ్చి ఆఫీసరు చేతిలో వెల్లకిలా ఉన్న హెల్మెట్లో పడింది. ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు.

"అదృష్టం సార్! ఈ ఏడే ఉయ్యాల!"

"నాకింకా పెళ్లే కాలేదమ్మా."

"అయితే ముందు అది అయితాదిలే సార్. ఈశ్వరుడికి వరస తెలీదా?"

ఎండ వాలుతోంది. ఈశ్వరుడు రాలేదు. చిన్నాఫీసరు ఇక ఆగలేక ఫోను ఎత్తి, వేరు నుంచి కొస దాకా, కొసమీద అర్జునుడితో సహా ఫోటో తీసి పంపించేశాడు. నిమ్మకాయ మాత్రం హెల్మెట్లోంచి తీసి జేబులో వేసుకున్నాడు. నేను చూశాను.

కంప్యూటరుకు భారతం తెలియదు. ఆ మాను మీద మనిషి నివాసం ఉంటున్నాడని, అది ఆక్రమణ అని, కాపలా సరిగా లేదని దాని లెక్కలో తేలింది. మిగతా మాన్లన్నీ సరిగా ఉన్నాయి కాబట్టి నిధులు ఆగవట. కాపలా మనిషిని మాత్రం మార్చాలట. పెద్దాఫీసరమ్మ స్వయంగా వచ్చి చూసి, మరుసటి రోజే ఆ పని చేసిపోతుందని చిన్నాఫీసరు ఫోను చేసి చెప్పాడు.

నేను వెళ్లేసరికి మరదలు కోటు ఉతికి, ఆరేసి, మడత పెడుతోంది.

"ఏం చేస్తాండావు మే?"

"సూస్తే తెలీలేదా బావా. వాళ్లది వాళ్లకిచ్చేటప్పుడు మురిగ్గా ఇయ్యకూడదు గదా."

"నేను మాట్లాడతానులే."

"వద్దు బావా. నీకు దండం పెడతాను, నువ్వు మాట్లాడొద్దు."

ఇంటికి వస్తే మా ఆవిడ అన్నం పెట్టకుండానే మొదలుపెట్టింది. "నా చెల్లెలి నోటికాడి కూడు తీసేస్తివి గదయ్యా, మైకు పట్టుకొని. దానికెవురుండారు? కూతురింటికి పొయ్యి మగ్గం సందులో పడుకోమంటావా?" నేను ఘాటుగా జవాబిచ్చాను. మనసులో.

మరుసటి రోజు పొద్దున పెద్దాఫీసరమ్మ కారు దిగింది. నెరిసిన జుట్టు, నూలు చీర, గట్టి మనిషి. గుండం కోసం పేర్చిన కట్టెల పక్కనుంచే నడిచి వచ్చింది.

"ఈ కట్టెల పొగ గూడా లెక్కలోకి వస్తాదా మేడం?" అని అడిగాను, సంభాషణ మొదలుపెడదామని.

"అది దేవాదాయ శాఖ," అంది ఆగకుండానే.

మాను దగ్గర ఊరంతా చేరింది. వెదురు మెట్లు ఇంకా విప్పలేదు. మరదలు మడత పెట్టిన కోటును ఇంట్లోనే వదిలేసి కర్రతో, మెళ్లో విజిలుతో వచ్చి నిలబడింది. మేడం ఫోనులో ఆ ఫోటో చూపించి, "ఎవరీ మనిషి?" అని అడిగింది. అర్జునుడు నగరిలో మగ్గం దగ్గర ఉన్నాడు, దుర్యోధన వధకు గానీ రాడు.

మరదలు నోరు తెరిచింది. నేను ముందుకు దూకాను. ఇప్పటిదాకా చెప్పిన కోతలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

"నేనే మేడం," అన్నాను. "కాపలా ఆమె చేయాల్సిందంతా చేసింది. అడ్డం పడింది, విజిలేసింది, కర్రతో ఈడ కొట్టింది, సూడండి. నేనే ఇనలేదు. ఆమెను తోసేసి, ఒక్క దూకున కొసకెక్కి కూర్చుంటిని. తప్పు నాది. ఆమెకేం తెలీదు."

మేడం ఫోటో చూసింది. అందులో కిరీటం, నల్లటి గడ్డం, కండలు తిరిగిన భుజాలు. తలెత్తి నన్ను చూసింది. మళ్లీ ఫోటో చూసింది.

"ఇది మీరా?"

"వేషం మేడం. వేషం కడితే నేను వేరే."

"ఈ మాను ఎక్కారా?"

"దానిదేముంది మేడం. అలవాటే."

"ఎక్కి చూపించండి."

నాకు వెనక్కి పోవడానికి లేదు. పంచె ఎగగట్టి, వెదురు బద్ద పట్టుకొని, ఈశ్వరుణ్ణి తలుచుకొని సగం మాను దాకా ఎక్కాను. సగం కాదు. మనిషెత్తు అంటే నమ్ముతారా? అదీ కాదు. మొదటి మెట్టు మీద కాళ్లు పెట్టి, పైమెట్టును రెండు చేతులతో కావిలించుకున్నాను. అక్కడ పంచె వెదురు కొసకు చిక్కుకుంది. పైకి పోదామంటే పంచె రాదు, కిందికి దిగుదామంటే పంచె ఉండదు. మాను పట్టుకొని అలా వేలాడాను.

అప్పుడు విజిలు మోగింది. చెవులు పగిలేట్టు.

"దిగు! దిగు కిందికి! నంబరు మానది! ఇంగొక్క మెట్టెక్కినావంటే కాళ్లిరగ్గొడతా!"

మరదలు కర్ర ఎత్తుకొని వచ్చి నా పిక్కల మీద ఒకటి వేసింది. నన్ను కాపాడాలని అందో, నిజంగానే కోపం వచ్చిందో, నాటకమో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు. దెబ్బ మాత్రం నాటకం కాదు.

"ఆగండి," అంది మేడం. "ఇద్దరూ అలాగే ఉండండి." చిన్నాఫీసరు వైపు తిరిగింది. "ఇది తీయండి. ఆక్రమణదారుణ్ణి కాపలా మనిషి దించుతున్న ఫోటో. నంబరు కనిపించేట్టు తీయండి. పాతదాని కింద ఇదే పెడితే సరిపోతుంది."

చిన్నాఫీసరు ముఖం వికసించింది. ఫోను ఎత్తి, దించేశాడు.

"కోటు లేదు మేడం. కోటు లేకపోతే కంప్యూటరు కాపలా మనిషని తీసుకోదు."

"అయితే కోటు వేసుకొని రమ్మనండి."

మరదలు కోటు కోసం ఇంటికి పరుగెత్తింది. ఇల్లు ఊరి అవతల కొసన ఉంది. నన్ను దిగనివ్వలేదు, దిగితే మళ్లీ అలా కుదరదట. ఊరంతా నా కింద నిలబడి మాట్లాడుకుంది.

"ఏం సామీ, ఈశ్వరుడేమన్నా కనపడినాడా?"

"కొంగులు పట్టండమ్మే, నిమ్మకాయలేస్తాడు!"

"నిమ్మకాయలు యాడుండాయి, పంచే జారుతాండాది!"

మా ఆవిడ మాత్రం ముందుకు వచ్చి, జారే పంచెను ఒక చేత్తో పట్టుకొని, చెల్లెలు వచ్చేదాకా అలాగే నిలబడింది. పెళ్లయినప్పటినుంచి ఆమె నా పక్షాన నిలబడిన సందర్భాల్లో అది ముఖ్యమైంది.

కోటు వచ్చింది, గుండీలన్నీ పెట్టుకుంది, కర్ర ఎత్తింది. మా ఆవిణ్ణి పక్కకు జరగమన్నారు. ఆ తర్వాత జరిగింది రాయను. ఫోటో అయితే పడింది. కంప్యూటరు ఒప్పుకుంది. ఉద్యోగం ఆమెదే అని మేడం అక్కడికక్కడే చెప్పి కారెక్కింది. మరదలు మాను మొదట్లో చతికిలబడి, కోటు అంచుతో ముఖం తుడుచుకుంది. చెమటే కావచ్చు. నేను చూడనట్టు నటించాను. ఆ పని మాత్రం నాకు బాగా వచ్చు.

దుర్యోధన వధ నాడు అర్జునుడు నగరి నుంచి దిగీదిగగానే నా మీదికి వచ్చాడు. "నా తపస్సు నువ్వు చేసినానని చెప్పినావంట! గొంతు చించుకొని పాడింది నేను, పేరు నీదా?" అని. నేరం కూడా నా మీదికే వచ్చిందని చెబితే కొంచెం శాంతించాడు. అందులో వాటా మాత్రం వద్దన్నాడు.

కొన్ని నెలలకు తిరుపతిలో పెద్ద సభ పెట్టారు, అన్ని పల్లెల కాపలా మనుషుల్నీ పిలిచి. మరదలికి తోడుగా నేను పోయాను. తెరమీద మా ఫోటో వేశారు, గోడంత. కాపలా అంటే ఇలా ఉండాలని మేడం చెప్పింది. ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. వెనక కుర్చీలో ఒకాయన, "ఆ మాను పట్టుకొని వేలాడేవాడెవడో, దొంగ ముఖం," అన్నాడు. ఆ ముఖం ఎవరిదో తేల్చి చెప్పి, లేచి వాడితో గట్టిగా వాదించాను. అంటే, వాదించేవాణ్ణే, కానీ సభలో మర్యాద ఉంటుంది కదా. కుర్చీలో కాస్త కిందికి జారి కూర్చున్నాను.

తిరుగుప్రయాణంలో చిత్తూరు బస్సెక్కాం. మరదలు శాలువా తీయలేదు. ఎదురు సీటులో పూలబుట్ట పెట్టుకున్న ఒకామె దాన్నే చూస్తూ ఉంది.

"శాలువా యాడిదక్కా? బాగుండాదే."

"ఉద్యోగానికి కప్పినారు."

"ఏం ఉద్యోగమక్కా?"

మరదలు నావైపు ఒకసారి చూసింది. చంద్రగిరి కోట వస్తోంది. నేను కిటికీలోంచి దానివైపు, జన్మలో మొదటిసారి చూస్తున్నట్టు చూడడం మొదలుపెట్టాను.

"మాన్లెక్కిన ముసిలోళ్లను దించే ఉద్యోగం," అంది. "పర్మనెంటు చేస్తామన్నారు."